గడ్డం తగ్గించే సర్జరీ: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గుంటూరులో పళ్లకు క్లిప్పులు వేసే డాక్టర్ని. గడ్డం సర్జరీ నేను చేయను. కానీ గడ్డం పొడుగ్గా ఉందని బాధపడేవాళ్లు ముందు వచ్చేది మా దగ్గరికే. అది పళ్ల సమస్యేమో అని వాళ్ల అనుమానం. చాలాసార్లు ఆ అనుమానం నిజమే అవుతుంది కూడా. ఒకే ప్రశ్నకి రోజుకి నాలుగుసార్లు జవాబు చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడదామని కూర్చున్నాను. సర్జరీ చేయించుకోమనీ చెప్పను, వద్దనీ చెప్పను. ఏం కోస్తారో, ఎందుకు కోస్తారో తెలుసుకుని వెళ్లండి.

గడ్డం తగ్గించడం అంటే ఏమిటి?

తెలుగులో ఇదో చిక్కు. వెంట్రుకలూ గడ్డమే, ఎముకా గడ్డమే. "గడ్డం తగ్గించాలండీ, ఎంతవుతుంది?" అని ఫోన్లు వస్తుంటే మా రిసెప్షన్‌లో అమ్మాయి మొదట్లో నవ్వు ఆపుకోలేకపోయేది. ఇక్కడ చెప్పేది కింది పెదవికి దిగువన ఉండే ఎముక సంగతి. కొన్ని ఊళ్లలో గదవ అంటారు, కొన్నిచోట్ల గదుమ, పుస్తకాల్లో చుబుకం. ఎవరినైనా బతిమాలేటప్పుడు పట్టుకుంటామే, అది.

ఆ ఎముక ఆకారం మార్చే ఆపరేషన్‌ని డాక్టర్లు జీనియోప్లాస్టీ అంటారు. తగ్గించేదైతే రిడక్షన్ జీనియోప్లాస్టీ. పొడుగు తగ్గించొచ్చు, ముందుకు పొడుచుకొచ్చింది వెనక్కి జరపొచ్చు, వెడల్పు తగ్గించొచ్చు, ఓ పక్కకి ఒరిగిపోతే మధ్యకి తేవచ్చు. ఒకే మనిషికి వీటిలో రెండు మూడు కలిపి చేయాల్సి రావచ్చు.

నా గడ్డం నిజంగా పెద్దదేనా? ఎలా తెలుస్తుంది?

సెల్ఫీ చూసి మాత్రం తేల్చుకోవద్దు. ఫోన్ ముఖానికి దగ్గరగా ఉంటే కెమెరాకి ఏది దగ్గరగా ఉందో అది పెద్దగా పడుతుంది. కింది నుంచి తీస్తే గడ్డమే ఫొటో అంతా ఉంటుంది. ఎవరినైనా ఆరేడు అడుగుల దూరంలో నిలబెట్టి, మీ ముఖం ఎత్తులోనే ఫోన్ పెట్టించి, పక్కనుంచి ఒక ఫొటో తీయించండి. పళ్లు మూసి ఉండాలి, పెదవులు వదులుగా ఉండాలి, చూపు నేరుగా ఉండాలి. పెదవులు బిగిస్తే గడ్డం మీద చర్మం ముడతపడి లెక్క తప్పుతుంది.

మేం చూసే కొలత ఒకటుంది. జుట్టు మొదలు నుంచి కనుబొమల దాకా, కనుబొమల నుంచి ముక్కు అడుగు దాకా, అక్కణ్ణుంచి గడ్డం కొస దాకా మూడు భాగాలూ ఇంచుమించు సమానంగా ఉండాలి. ఆఖరి భాగంలో పై పెదవి ఒక వంతు, కింది పెదవి, గడ్డం కలిపి రెండు వంతులు. ఇది చదవగానే స్కేలు తీయకండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడాకి టెన్షన్ పడితే ఎవరి ముఖమూ పాస్ అవ్వదు.

డిగ్రీ చదివే ఒకమ్మాయి వచ్చింది. కూర్చున్నంత సేపూ చున్నీ అంచు గడ్డం మీదికి లాక్కుంటూనే ఉంది. ఎక్స్‌రే తీసి గీతలు గీసి చూస్తే గడ్డం కొలత మామూలుగానే ఉంది. వెనకబడింది పై దవడ. మాటల్లో చెబితే నమ్మదని, పై పెదవికీ చిగురుకీ మధ్య రెండు దూది చుట్టలు పెట్టి, అద్దం చేతికిచ్చి పక్కకి తిరిగి చూసుకోమన్నాను. పై పెదవి కాస్త ముందుకొచ్చింది, అంతే. "గడ్డం చిన్నదైపోయిందేంటి మేడం?" అంది. నేను గడ్డాన్ని ముట్టుకోనేలేదు.

గడ్డం పెద్దగా ఉండటానికీ దవడ పెద్దగా ఉండటానికీ తేడా ఏమిటి?

మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. వెనక పళ్లు గట్టిగా మూసి అద్దంలో చూసుకోండి. పై ముందు పళ్లు కింది పళ్లకి కొంచెం ముందుగా ఉంటే దవడ సరిగ్గానే ఉండొచ్చు, తేడా గడ్డం ఎముకలోనే ఉండొచ్చు. కింది పళ్లు పై పళ్లని దాటి ముందుకొస్తే అది దవడల సమస్య. కింది దవడ ఎక్కువ పెరిగి ఉంటుంది, లేదా పైది తక్కువ పెరిగి ఉంటుంది, లేదా రెండూ. ఇంకో గుర్తు మా ఊళ్లో అందరికీ అర్థమవుతుంది: మిర్చి బజ్జీ ముందు పళ్లతో కొరికితే మిరపకాయ తెగకుండా మొత్తం ఊడొస్తోందా? అయితే ముందు పళ్లు ఒకదానితో ఒకటి కలవడం లేదన్నమాట.

దవడ ముందుకున్న మనిషికి గడ్డం ఒక్కటే కోసి వెనక్కి పెడితే పక్కనుంచి చూసినప్పుడు కింది పెదవి ఉబ్బెత్తుగా, దాని కింద గడ్డం లోపలికి పోయి, ముఖం మునుపటికన్నా వింతగా కనపడుతుంది. బజ్జీ అప్పుడూ తెగదు. వాళ్లకి కావాల్సింది దవడ ఎముకనే కోసి జరిపే పెద్ద సర్జరీ. దానికి ముందు ఏడాది, ఏడాదిన్నర క్లిప్పులు వేసి పళ్లు వరసలోకి తేవాలి. తర్వాత కొన్ని నెలలు మళ్లీ క్లిప్పులే. ఇది వినగానే చాలామంది ముఖం వేలాడేస్తారు. గంటన్నరలో అయిపోయే పని అనుకుని వచ్చి ఉంటారు మరి. నాకు మాత్రం, తొందరపడి చిన్న ఆపరేషన్ చేయించుకుని తర్వాత పెద్దదానికి వచ్చినవాళ్లని చూస్తేనే ఎక్కువ బాధ.

ఇది వంశంలో వస్తుందా?

వస్తుంది. తండ్రి పాత ఫొటో తెమ్మంటే సగం రోగనిర్ధారణ అయిపోతుంది. చరిత్రలో పేరుమోసిన ఉదాహరణ యూరప్‌లోని హాబ్స్‌బర్గ్ రాజవంశం. స్పెయిన్ రాజు రెండో చార్లెస్ (1661–1700) దవడ ఎంత ముందుకుండేదంటే తిండి నమలడానికే కష్టపడేవాడు. ఆ వంశంలో తరతరాలుగా దగ్గరి చుట్టాలనే పెళ్లాడారు. ఆ సంబంధాలు ఎంత దగ్గరివైతే దవడ అంత ముందుకొచ్చినట్టు వంశవృక్షం, చిత్రపటాలు పక్కపక్కన పెట్టి 2019లో స్పెయిన్ పరిశోధకులు చూపించారు. ఈ కథ చెప్పానంటే మేనరికం చేసుకున్న తల్లిదండ్రులు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటారు. కంగారు పడకండి, మేనరికం లేని ఇళ్లలోనూ గడ్డం తీరు తాత నుంచి మనవడికి వస్తూనే ఉంటుంది.

ఈమధ్యే గడ్డం పెరుగుతున్నట్టు అనిపిస్తోంది. వయసు ముప్పై దాటింది.

అయితే ముందు సర్జన్ దగ్గరికి కాదు, హార్మోన్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పెద్దయ్యాక గడ్డం పెరగకూడదు. ఉంగరం బిగుతైపోయిందా? చెప్పుల సైజు పెరిగిందా? పళ్ల మధ్య కొత్తగా సందులు వస్తున్నాయా? మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో గడ్డ ఏర్పడి గ్రోత్ హార్మోన్ ఎక్కువగా ఊరితే ఇలా జరుగుతుంది. దాన్ని ఆక్రోమెగలీ అంటారు. ఐజీఎఫ్-1 అనే రక్తపరీక్షతో మొదలుపెడతారు. అది పట్టించుకోకుండా గడ్డం కోయించుకుంటే కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టే.

గడ్డం నెమ్మదిగా ఒక పక్కకే జరుగుతుంటే అది వేరే సంగతి. చెవి ముందు ఉండే దవడ కీలు ఒకవైపు ఇంకా పెరుగుతూ ఉండొచ్చు. ఆ పెరుగుదల ఆగిందో లేదో బోన్ స్కాన్ లాంటి పరీక్షలతో చూసి అప్పుడు ముందుకెళ్తారు.

ఏ వయసులో చేయించుకోవచ్చు?

ఎముక ఎదుగుదల ఆగాక. ఆడపిల్లలకి సాధారణంగా పదహారు, పదిహేడేళ్ల తర్వాత, మగపిల్లలకి పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి మధ్య. ఇంటర్ చదివే అబ్బాయిని తీసుకొచ్చి తొందరపెట్టే తల్లిదండ్రులకి నేను చెప్పేది ఒకటే: ఇవాళ తీసిన ఎక్స్‌రే ఏడాది తర్వాత తీసిన దానితో పోల్చి చూద్దాం, రెండూ ఒకేలా ఉంటే అప్పుడు మాట్లాడదాం.

ఆపరేషన్‌లో అసలు ఏం చేస్తారు?

పీజీ చదివే రోజుల్లో మొదటిసారి దగ్గర నిలబడి చూశాను. నాకు బాగా గుర్తుండిపోయింది రక్తం కాదు, కొలతలు. సర్జన్ పెదవిని బయటికి మడిచి, కింది పెదవి లోపలివైపు, చిగురుకి కాస్త ఎడంగా కోత పెట్టారు. బయట చర్మం మీద గాటు ఉండదు. కండరాన్ని పక్కకి తప్పించి ఎముక బయటపడగానే మొదట చేసిన పని కోయడం కాదు, ఎముక మీద నిలువుగా గీత గీయడం. అది మధ్య గీత. దానికి అటూఇటూ ఇంకో రెండు. ఒకసారి ఎముక విడిపోయాక మధ్య ఎక్కడో కంటికి తెలియదు కాబట్టి ఆ గీతలే ఆధారం.

తర్వాత రెండు పక్కలా నరం వెతికారు. చిన్న దవడ పళ్ల వేర్ల దిగువన ఎముకలో ఒక రంధ్రం ఉంటుంది, అందులోంచి మెంటల్ నర్వ్ బయటికొచ్చి కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిస్తుంది. పేరు చూసి భయపడకండి, మెదడుకి సంబంధం లేదు. లాటిన్‌లో మెంటమ్ అంటే గడ్డం. ఆ నరం బయటికొచ్చే ముందు ఎముక లోపల కొంచెం కిందికి దిగి మళ్లీ పైకి వంపు తిరుగుతుంది. అందుకే కోత ఆ రంధ్రానికి ఐదారు మిల్లీమీటర్లు కిందగా వెళ్లాలి. కోర పళ్ల వేర్లు పొడుగ్గా ఉంటాయి, వాటికీ అంతే దూరం వదలాలి. ఇన్ని హద్దుల మధ్య సన్నటి రంపంతో అడ్డంగా కోస్తారు.

పొడుగు తగ్గించాలంటే ఒకదాని కింద ఒకటి రెండు కోతలు పెట్టి మధ్య పట్టీని తీసేసి, కింది ముక్కని పైకి తెచ్చి కలుపుతారు. వెనక్కి జరపాలంటే ఒక్క కోత చాలు. సన్నం చేయాలంటే కింది ముక్క మధ్యలో కొంత తీసి రెండు పక్కల్నీ దగ్గరికి చేరుస్తారు. ముఖం కింది భాగాన్ని ఇంగ్లిష్ 'వి' అక్షరంలా సన్నం చేసే కొరియా వాళ్ల వి-లైన్ సర్జరీలో గడ్డానికి చేసేది ముఖ్యంగా ఇదే. చివర్న చిన్న టైటానియం ప్లేటు, స్క్రూలతో బిగించి, పక్కల్లో మెట్టులా మిగిలితే నునుపు చేసి, కండరాన్ని మళ్లీ దాని చోట కుట్టి, నోటి లోపల కరిగిపోయే కుట్లు వేస్తారు.

మొత్తం మీద గంట నుంచి రెండు గంటలు. పూర్తి మత్తు ఇస్తారు, గొట్టం సాధారణంగా ముక్కులోంచి పెడతారు. ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచుతారు.

అంత కోయడం దేనికి? ముందున్న ఎముకని గీకేస్తే పోదా?

అందరికీ వచ్చే ఆలోచనే. కొంచెమే తగ్గించాలంటే బర్‌తో, అంటే గిర్రున తిరిగే చిన్న పరికరంతో, అరగదీసే పద్ధతీ ఉంది. కానీ చిక్కు చర్మంతో. ఎముక తగ్గింది కదాని దాని మీదున్న చర్మం, కొవ్వు, కండ తగ్గవు. దిండు తీసి గలీబు అలాగే వదిలేసినట్టు అవుతుంది. పైగా బాగా గీకాలంటే కండని ఎముక నుంచి ఎక్కువ మేర విడదీయాలి, అది తర్వాత సరిగ్గా అతుక్కోకపోతే గడ్డం కిందికి జారి వేలాడుతుంది. కోసి జరిపే పద్ధతిలో కింది ముక్కకి కండ అంటుకునే ఉంటుంది కాబట్టి ఎముకతో పాటు అదీ కదులుతుంది.

అలాగని కోసి వెనక్కి జరిపినా చర్మం ఎముక కదిలినంతా కదలదు. ఐదు మిల్లీమీటర్లు జరిపితే బయటికి అంతకన్నా తక్కువే కనపడుతుంది. మరీ వెనక్కి జరిపితే గడ్డం కింద మెత్తటి భాగం గుమిగూడి డబల్ చిన్ వచ్చినట్టు ఉంటుంది. గడ్డం పెంచే సర్జరీ సులువు, తగ్గించేది కష్టం అని సర్జన్లు అనేది ఇందుకే. ఎముక కంటే మెత్తటి భాగమే ఎక్కువగా ఉన్నవాళ్లకి గడ్డం అడుగున చర్మం మీద కోత పెట్టి కొంత తీయాల్సి వస్తుంది. ఆ మచ్చ మాత్రం బయట ఉంటుంది.

నొప్పి ఎలా ఉంటుంది? తిమ్మిరి పోతుందా?

నొప్పికి మాత్రలు సరిపోతాయి. జనం చెప్పేది బిగుతు, బరువు. వాపు రెండో రోజు, మూడో రోజు బాగా ఉంటుంది. అద్దం చూసుకుని ఏడ్చేది కూడా ఆ రోజుల్లోనే. తల ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి, మొదటి రెండు రోజులు ఐస్ పెట్టాలి, గడ్డానికి వేసిన టేపు చెప్పేదాకా తీయకూడదు.

తిమ్మిరి చాలామందికి వస్తుంది. నరం తెగకపోయినా పక్కకి లాగి పట్టుకుంటారు కాబట్టి అలుగుతుంది. పెరుగన్నం మెతుకు పెదవికి అంటుకున్నా తెలియదు, కాఫీ కారినా తెలియదు. వారాల నుంచి నెలల్లో ఎక్కువమందికి స్పర్శ వచ్చేస్తుంది. వచ్చేటప్పుడు చీమలు పాకినట్టు ఉంటుంది, అది మంచిదే. కొద్దిమందికి కొంత మేర శాశ్వతంగా ఉండిపోతుంది. ఇది ముందే చెప్పని డాక్టర్ దగ్గర సంతకం పెట్టకండి.

ఇంకేం తేడా జరగొచ్చు?

ఇన్ఫెక్షన్, రెండు పక్కలూ సమానంగా రాకపోవడం, పళ్ల వేర్లకి దెబ్బ, కండ జారడం, ప్లేటు వదులవడం. అరుదే గానీ ప్రమాదకరమైంది నాలుక కింద రక్తం చేరడం. నాలుక పైకి లేచినట్టు ఉన్నా, మింగలేకపోతున్నా, ఊపిరి ఆడనట్టు ఉన్నా ఎంత అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. పొద్దున చూద్దాం అనుకోవద్దు.

ఈ సర్జరీలకి పేరుపడ్డ దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోనే 2016లో దవడ ఆకృతి మార్పించుకున్న 24 ఏళ్ల యువకుడు రక్తం విపరీతంగా పోయి చనిపోయాడు. తల్లి ఆపరేషన్ థియేటర్ సీసీటీవీ రికార్డింగు సంపాదించి పదేపదే చూసింది. సర్జన్ మధ్యలో వేరే ఆపరేషన్‌కి వెళ్లిపోయాడని, మిగతా పని ఇంకొకరికి వదిలేశాడని అందులో తేలింది. ఆమె చేసిన పోరాటం వల్ల పూర్తి మత్తు ఇచ్చే థియేటర్లలో కెమెరాలు ఉండాలనే చట్టం 2021లో వచ్చింది, 2023 నుంచి అమలవుతోంది. దీన్ని నేను భయపెట్టడానికి చెప్పడం లేదు. "మొదటి నుంచి చివరిదాకా మీరే చేస్తారా సార్?" అని అడగడానికి మొహమాటపడొద్దని చెబుతున్నాను.

తర్వాత ఏం తినాలి?

మొదటి వారం రాగి జావ, మజ్జిగ, పప్పుకట్టు, మెత్తగా కలిపిన పెరుగన్నం. తర్వాత ఇడ్లీ, ఉప్మా, కిచిడీ. ఆవకాయ జాడీ వైపు రెండు వారాలు చూడొద్దు. కుట్ల మీద కారం పడితే మీకే తెలుస్తుంది. జంతికలు, చెరుకు ముక్కలు ఎముక అతుక్కునేదాకా, అంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు వద్దు. తిన్న ప్రతిసారీ డాక్టర్ ఇచ్చిన మందుతో పుక్కిలించాలి. సిగరెట్, గుట్కా, ఖైనీ ముందు నుంచే మానాలి, గాయం మానకపోవడానికి వాటిని మించింది లేదు. రక్తం పలచన చేసే మాత్రలు వాడుతుంటే దాచకుండా చెప్పండి, మీరై మీరు ఆపేయకండి.

పెళ్లి కుదిరింది. ముహూర్తానికి రెండు నెలలుంది. వీలవుతుందా?

వద్దు. వాపు చాలావరకు నెలలో తగ్గుతుంది గానీ గడ్డం అసలు ఆకారం తేలేది ఆరు నెలలకి. ఆఫీసుకి పది రోజుల్లోనో రెండు వారాల్లోనో వెళ్లొచ్చు. నవ్వు మాత్రం కొన్నాళ్లు బిగుసుకుపోయినట్టు ఉంటుంది, పెళ్లి ఫొటోల్లో అది జీవితాంతం ఉండిపోతుంది. ఇంకో మాట. పెళ్లిచూపుల్లో ఎవరో ఏదో అన్నారని వచ్చేవాళ్లని నేను కొన్నాళ్లు ఆగమంటాను. అన్నవాళ్లు ఈపాటికి మర్చిపోయి ఉంటారు.

ప్లేటు తీయించుకోవాలా? ఎయిర్‌పోర్టులో మోగుతుందా?

ఇబ్బంది పెడితే తప్ప తీయరు. ఇంత చిన్న టైటానియం ముక్క సాధారణంగా మోగదు. ఎమ్మారై తీయించుకోవచ్చు, కాకపోతే ముందుగా చెప్పండి.

ఖర్చు, ఇన్సూరెన్స్ సంగతి?

బిల్లులో సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్, ప్లేట్లు, గది అన్నీ విడివిడిగా ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చే ప్యాకేజీ ధరలో ఏవి కలిశాయో కాగితం మీద రాయించుకోండి. అందం కోసం చేసే సర్జరీని ఆరోగ్య బీమా పాలసీలు మినహాయిస్తాయి. ప్రమాదంలో దెబ్బతిన్నదైతేనో, వైద్యపరంగా తప్పనిసరి అని డాక్టర్ రాసిస్తేనో పరిశీలిస్తారు. వైద్య సేవలకు మామూలుగా లేని జీఎస్టీ కూడా సౌందర్య చికిత్సకు పడుతుంది. పుట్టుకతోనో ఎదుగుదలలోనో వచ్చిన లోపానికీ, గాయానికీ మినహాయింపు ఉంది. మీది దవడ సమస్యో, వట్టి గడ్డం సంగతో తేల్చుకోమని నేను పోరేది డబ్బు విషయంలోనూ పనికొస్తుంది.

ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ, దవడ సర్జరీ విభాగాలున్నాయి. ఓపిగ్గా క్యూలో నిలబడగలిగితే కనీసం అభిప్రాయం కోసమైనా వెళ్లొచ్చు.

ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

నోరు, దవడల సర్జరీలో ఎండీఎస్ చేసినవాళ్లు గానీ, ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ చేసినవాళ్లు గానీ. "కాస్మెటాలజిస్ట్" అని బోర్డు ఉంటే సరిపోదు. మెడికల్ కౌన్సిల్ లేదా డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. పక్కనుంచి తీసిన ఎక్స్‌రే చూడకుండా, పళ్లు మూయించి చూడకుండా తేదీ ఇచ్చేసే చోటు నుంచి లేచి వచ్చేయండి. వాళ్లు చూపించే ఫొటోల్లో ఆపరేషన్ తర్వాతది నవ్వుతూ, తల వంచి తీసిందేమో గమనించండి.

సర్జరీ లేకుండా తగ్గదా?

వ్యాయామాలతో, మసాజులతో, రాత్రిపూట కట్టుకునే పట్టీలతో ఎముక తగ్గదు. గడ్డం మీద చర్మం నారింజ తొక్కలా గుంటలు పడుతుంటే బొటాక్స్ కొన్ని నెలలు పనిచేస్తుంది. డబల్ చిన్ అయితే అది కొవ్వు, దానికి వేరే దారులున్నాయి. మగవాళ్లకి గడ్డం కత్తిరించుకునే తీరుతోనే ముఖం పొడుగు కొంత తగ్గినట్టు కనపడుతుంది, రెండొందల రూపాయల పని.

అయితే ఆపరేషన్ రోజు గడ్డం గీసుకుని రావాలా?

రావాలి, లేకపోతే టేపు అంటుకోదు. తర్వాత మాత్రం స్పర్శ తిరిగొచ్చేదాకా బ్లేడు ముట్టుకోవద్దు, ట్రిమ్మర్ వాడండి. తిమ్మిరి మీద తెగినా తెలియదు. చొక్కా కాలర్ ఎర్రబడ్డాక ఇంట్లోవాళ్లు చెబితేగాని తెలుసుకోనివాళ్లు నా పేషెంట్లలో ఇద్దరున్నారు.